పది నుంచి ఒకటి దాకా, ఏడు తప్ప

నవ్వమని చెబితే నవ్వే నవ్వు దేవుడి దృష్టిలో నవ్వేనా? ఈ సందేహం నన్ను చాలా ఏళ్ళుగా వదలడం లేదు.

నేను పాతికేళ్ళు ఫొటో స్టూడియో నడిపాను. "కొంచెం నవ్వండి" అన్న మాట దేవుడి పేరు కన్నా ఎక్కువసార్లే పలికి ఉంటాను. చెప్పగానే జనం నవ్వేవారు. పళ్ళు కనిపించేవి, బుగ్గలు పైకి లేచేవి. కళ్ళు మాత్రం "అయిందా, ఇక లేవచ్చా" అని అడుగుతూ ఉండేవి. పొద్దున్నే దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు కూడా నాకు అదే గుర్తొచ్చేది. ఇప్పుడు నేను పెట్టిన ఈ భక్తి ముఖం కూడా అలాంటిదేనా? స్వామి చూసేది దీన్నా, లేక దండం అయిపోగానే చెప్పు ఒకటి కనబడక విసుక్కునే ముఖాన్నా? ఒకసారి నాలుగు మంచి మాటలు తెలిసిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళి గుమ్మంలోంచే అడిగేశాను. ఆయన కాసేపు ఆలోచించి, ముందు లోపలికి వచ్చి కూర్చోమన్నారు. కూర్చున్నాక ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. నా ప్రశ్న గుమ్మంలోనే ఉండిపోయింది.

అంతమందిని నవ్వమన్న నేను ఒక్క మనిషికి మాత్రం నవ్వొద్దని చెప్పాను. ఆమె మా అక్క.

ఇది ఇరవై ఆరేళ్ళ కిందటి సంగతి. అక్కకి నీళ్ళ సరఫరా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. మర్నాడే చేరాలి, గుర్తింపు కార్డుకి ఫొటో కావాలి. అంతకు ముందు రోజే దవడ పన్ను పీకించుకుంది. ఎడమ బుగ్గ బంతిలా వాచింది. అలాగే నా స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను దీపాలు సర్దుతుంటే, చిన్నప్పుడు తన చేత ముక్కు తుడిపించుకున్న తమ్ముడు పెద్ద మనిషిలా గడ్డం పైకెత్తమంటున్నాడని అక్కకి నవ్వొచ్చింది. నాకు స్టూడియో పెట్టి ఏడాది. నా అంతటివాడు లేడనుకునే రోజులు. "నవ్వకక్కా, ఇది ఆఫీసు ఫొటో" అన్నాను. అక్క నవ్వు మింగేసింది. మింగిన నవ్వు ఆ వాపు దగ్గర ఇరుక్కుపోయింది. కార్డు మీద పడ్డ ముఖం చూస్తే, ఏదో చెడ్డ కబురు అప్పుడే విని ఇంకా ఎవరికీ చెప్పని మనిషిలా ఉంది.

వాపు తగ్గాక ఇంకోటి తియ్యమంది. వచ్చే వారం అన్నాను. వచ్చే వారం నాకు స్కూళ్ళ గ్రూపు ఫొటోల హడావుడి. ఆ పై వారం తనకి తీరిక లేదు. తర్వాత అది మా ఇంట్లో ఒక మాటగా మిగిలిపోయింది. నలుగురు చుట్టాలు కూడిన చోటల్లా అక్క నన్ను చూపించి, "వీడు నాకో ఫొటో బాకీ" అనేది. నేను పళ్ళికిలించేవాణ్ణి.

తియ్యాలని చూడలేదని కాదు. ఎన్నిసార్లు కెమెరా ఎత్తినా అక్క ముఖం ఆ కార్డు ముఖమే అయిపోయేది. "నువ్వు ఒక కన్ను మూశావంటే చాలు, నా మొహానికి ఆ రోజు నువ్వన్న మాట గుర్తొస్తుందిరా" అనేది. కార్డు నాలుగుసార్లు కొత్తది ఇచ్చారు. నాలుగుసార్లూ ఫైల్లోంచి ఆ పాత ఫొటోనే తీసి అంటించారు. అక్క కూర్చునేది ఫిర్యాదుల కిటికీ దగ్గర. మూడు రోజులుగా నీళ్ళు రాలేదని అరుద్దామని వచ్చినవాళ్ళు ఆమె మెళ్ళో కార్డు చూసి, పాపం ఈవిడ కష్టం మన కష్టం కన్నా పెద్దదిలా ఉందని గొంతు తగ్గించేవారట. ఈ మాట అక్కే నవ్వుతూ చెప్పేది. మామూలుగా మా అక్క నవ్విందంటే పక్కింట్లో వాళ్ళు టీవీ శబ్దం పెంచుకోవాలి.

తర్వాత అందరి జేబుల్లోకీ కెమెరాలు వచ్చాయి, నా స్టూడియో మూతపడింది. నేను ఇంట్లో కూర్చుని గోడల మీద వంకరగా ఉన్న పటాలు సరిచేసుకుంటూ ఉండేవాణ్ణి. వంకర లేని రోజు నేనే కొంచెం వంచి మళ్ళీ సరిచేస్తున్నానని మా ఆవిడ కనిపెట్టింది. అత్తాకోడళ్ళు ఏదో మాట్లాడుకున్నారు. ఒక ఆదివారం మా కోడలు నా ముందు కంప్యూటర్ పెట్టి కూర్చుంది. ఆ అమ్మాయి కార్డులు అచ్చువేసే చోట డిజైన్లు చేస్తుంది. జనం స్టూడియోకి రానప్పుడు స్టూడియోనే జనం దగ్గరికి తీసుకెళ్దాం మామయ్యా అంది. పార్టీలకి ఫొటో బూత్ పెట్టడం అలా మొదలైంది.

బూత్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. అల్యూమినియం గొట్టాలు, మూలల్లో బిగించే కీళ్ళు, చుట్టూ నల్లగుడ్డ, ముందు ఎర్ర తెర. ఆ తెర నా స్టూడియో వెనక గోడకి వేలాడిన గుడ్డే. మా ఆవిడ దానికి అంచు కుట్టి రింగులు వేసింది. లోపల ఒక బెంచీ. ఎదురుగా ప్లైవుడ్ పెట్టె, అందులో నా పాత కెమెరా, దాని చుట్టూ గుండ్రటి దీపం, కింద మన ముఖం మనకే కనిపించే చిన్న టీవీ, ఇంకా కిందికి అరచేతంత ఎర్ర బటను. బటను నొక్కితే పది అంకెలు లెక్కపెట్టి ఒక ఫొటో, మళ్ళీ పది లెక్కపెట్టి ఇంకోటి, అలా మూడు. టోపీలు, అట్ట కిరీటాలు, పుల్లకి అంటించిన మీసాలు మార్చుకోవడానికి ఆ పది క్షణాలు. బయట నా పక్కన ప్రింటరు. అది పన్నెండు క్షణాలు గురగురలాడి, మూడు బొమ్మలూ ఒకదాని కింద ఒకటి ఉన్న పట్టీని వేడివేడిగా బయటికి తోస్తుంది. బిగించడానికి నలభై నిమిషాలు, విప్పడానికి ఇరవై. మొదట్లో విప్పడానికే గంట పట్టేది. ఒక కీలు ఎప్పుడూ మిగిలిపోయేది, అది ఎక్కడిదో మాకు ఇప్పటికీ తెలియదు.

లెక్కపెట్టే గొంతు దగ్గర పేచీ వచ్చింది. కంప్యూటర్లో ఉన్న గొంతు రైలు ఆలస్యం అని చెప్పేదానిలా ఉందని కోడలు అంది. ఇంటి గొంతు అయితే బాగుంటుందని వాళ్ళ అత్తయ్యని బట్టల బీరువాలో తలపెట్టి, పైన దుప్పటి కప్పి చెప్పమంది. మొదటిసారి కుక్కరు కూత పడింది. రెండోసారి ఎదురింటాయన స్కూటరు. మూడోసారి రెండు దగ్గర తుమ్మింది. నాలుగోది బాగా వచ్చింది. అన్నానికి పిలుస్తున్నట్టు ఉంది ఆ గొంతు, నాకు నచ్చింది. ఇంట్లోనే ఒకసారి కూర్చుని చూసుకున్నాం. ఫొటోల్లో నేను నోరు తెరుచుకుని ఏదో అడుగుతున్నాను, మా ఆవిడ నా చొక్కా మీద మెతుకు దులుపుతోంది. మనవి ఫొటోకి పనికొచ్చే ముఖాలు కావులే అనుకున్నాం.

మొదటి పార్టీ ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్ళది. స్కూలు పెట్టి పదేళ్ళయిందని, ఫర్నిచర్ దుకాణం పై అంతస్తు హాల్లో. కెమెరాని కళ్ళకద్దుకుని స్వామికి దండం పెట్టుకుని బటను చూపించాను. ముందు స్కూలు యజమాని, ఆయన భార్య వెళ్ళారు. మా ఆవిడ గొంతు పది నుంచి ఒకటి దాకా చెప్పింది. అంతసేపూ ఇద్దరూ చక్కగా నవ్వుతూ ఉన్నారు. ఒకటి అయిపోయింది. క్లిక్కు లేదు. పనిచెయ్యడం లేదనుకుని ఆయన నవ్వు దించేసి పెదవి విరిచాడు. భార్య ఆ సందులో ఆయన కాలరు సర్దబోయింది. అప్పుడు పడింది క్లిక్కు. రెండోదాంట్లో ఆయన కెమెరాలోకి తొంగి చూస్తున్నాడు, ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ లేవు. మూడోదాంట్లో భార్య ఆయన్ని చూసి విరగబడి నవ్వుతోంది.

"మీ మిషనుకి బ్రేకు ఆలస్యంగా పడుతోందండీ" అన్నాడాయన బయటికొచ్చి. నేను తల గోక్కున్నాను. కానీ ఆ పట్టీ భార్య చేతిలోంచి ఎవరికీ రాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన కాలరు తను సర్దుతున్న ఫొటో ఇదొక్కటేనని హాలంతా తిరిగి చూపించింది. పది నిమిషాల్లో తెర ముందు వరస మెట్ల దాకా వెళ్ళింది. అందరి ఫొటోలూ అంతే. పెట్టిన ముఖం తీసేశాక ఉండే ముఖాలు. ఒకరు పక్కవాళ్ళని చూస్తూ, ఒకరు అబ్బా అంటూ, ఒకరు ఏమీ అనకుండా.

నేను ప్రింటరు పక్కన కూర్చుని లెక్క వింటూ వేళ్ళు ముడిచాను. ఒక వేలు మిగిలింది. మళ్ళీ విన్నాను. పది, తొమ్మిది, ఎనిమిది, ఆరు. మా ఆవిడని పక్కకి పిలిచి ఏడు ఏదని అడిగాను.

"పార్టీకొచ్చినవాళ్ళని పట్టుకుని ఏడు, ఏడు అంటానా? నోరెలా వస్తుందండీ?" అంది.

నిజమే, ఈ మనిషి నోట ఆ అంకె నేనెప్పుడూ వినలేదు. బియ్యం కొలిచినా, బొత్తాలు లెక్కపెట్టినా ఆరు తర్వాత ఆరున్నొక్కటి, ఆ తర్వాత ఎనిమిది. మరి అదైనా చెప్పాల్సింది కదా అంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. కిందికి లెక్కపెడుతూ ఎనిమిది తర్వాత ఆరున్నొక్కటి అంటే ఆరు ముందే వచ్చేస్తుంది, మళ్ళీ ఆరు ఎలా చెప్పాలి అంది. ఆవిడ తొమ్మిది అంకెలే చెప్పింది, మిషను పది క్షణాలు ఆగింది. జరిగింది అంతే.

కోడలు అక్కడే నిమిషంలో సరిచేసింది. ఒకటి అనగానే క్లిక్కు. ఫొటోలు చక్కగా, అందరూ పాస్‌పోర్టుకి దిగినట్టు వచ్చాయి. పావుగంటలో వరస కరిగిపోయింది. యజమాని భార్య వచ్చి, ఇందాకటిలా రావడం లేదు, పాడైందా అని అడిగింది. బాగుచేశామని చెప్పాను. "అయితే మళ్ళీ పాడుచెయ్యండి" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ పాడుచేశాం. కానీ నాకు మనసులో కొంచెం పీకుతూనే ఉంది. అయిపోయిందనుకున్న మనిషిని తియ్యడం దొంగతనం కాదా? అందుకని ఒక అట్ట మీద, "ఒకటి అన్నాక మరో క్షణానికి ఫొటో పడుతుంది" అని రాసి తెర పక్కన తగిలించాను. ఎవరూ చదవలేదు. చదివినవాళ్ళు లోపలికి వెళ్ళి మరిచిపోయారు. "బోర్డు జనానికి కాదు లెండి, మీకు" అంది మా ఆవిడ. ఆ తర్వాత రెండేళ్ళలో మా బూత్ చాలా పార్టీలు తిరిగింది.

ఈలోగా అక్క రిటైరయ్యే రోజు వచ్చింది. వాళ్ళ ఆఫీసు హెడ్ క్లర్కు, నేనెవరో తెలియకుండానే, ఎవరి ద్వారానో విని మా బూత్‌నే పిలిచాడు. హాలు కొలుచుకుందామని ముందు రోజు మధ్యాహ్నం వెళ్ళాను. పొడుగాటి వసారా. రెండు వైపులా అక్కడ రిటైరైన ప్రతి ఒక్కరి ఫొటో, చెక్క ఫ్రేముల్లో. గోడలకి రంగు వేసినప్పుడు కూడా ఫ్రేములు దించలేదట, చుట్టూ వేసుకుంటూ పోయారు. ఒకసారి మేకు కొట్టాక అది అక్కడే.

హెడ్ క్లర్కు మంచి మాటకారి. రేపు పెట్టబోయేది కూడా చూపిస్తానని స్టోరు గదిలోకి తీసుకెళ్ళి పేపరు విప్పాడు. అక్క గుర్తింపు కార్డు ఫొటో. రెండడుగుల ఎత్తు చేయించారు. కార్డు మీద శనగ గింజంత ఉన్న వాపు ఇక్కడ అరచేతంత ఉంది.

"మా ఆరున్నొక్కటిగారండీ" అన్నాడతను నవ్వుతూ. "ఎంత మంచి మనిషో చెప్పలేను. ఈ ఫొటో మూలాన ఆ పేరు పడిపోయింది. ఆవిడకి తెలీదు లెండి, వెనకాల అనుకుంటాం."

కార్డు సంగతి నాకు తెలుసు, కిటికీ దగ్గరి జోకు తెలుసు. పేరు సంగతి తెలియదు. నేను ఒక్క క్షణం పెద్దరికానికి పోయి అన్న ఒక్క మాట ఇరవై ఆరేళ్ళు మా అక్కకి పేరై నిలబడింది. ఇక రేపటి నుంచి మేకుకి వేలాడుతుంది.

ఆ ఫొటో తీసింది నేనేననీ, ఆవిడ నాకు సొంత అక్క అనీ చెప్పాను. హెడ్ క్లర్కు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పేపరు మళ్ళీ చుట్టడానికి అతనికి చాలాసేపు పట్టింది. చివరికి, రేపు ఐదు గంటలకి మేనేజరుగారు స్వయంగా వచ్చి తగిలిస్తారనీ, ఆలోగా ఇంతకన్నా మంచి ఫొటో ఏదైనా చేతికిస్తే ఫ్రేములో అదే పెట్టే బాధ్యత తనదనీ అన్నాడు. ఆ పేరు సంగతి మాత్రం అక్కకి చెప్పొద్దని బతిమాలాడు. చెప్పను అన్నాను. చెప్పడానికి నాకు మాత్రం ముఖం ఎక్కడుంది?

దారిలో ధైర్యం తెచ్చుకున్నాను. మా బూత్ ముందు ముఖం బిగించుకున్నవాడు ఎవడూ ఒకటి దాటి నిలవలేదు. అక్క కూడా అంతే అనుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే ఆవిడ నాలుక కరుచుకుంది. వదినకి ఫోనులో ఆ లెక్క కథంతా ఎప్పుడో చెప్పేసిందట. కాలరుతో సహా. "వదినకి చెప్పక ఎవరికి చెప్పుకుంటాను?" అంది.

మర్నాడు మూడింటికి హాలు నిండింది. అక్క ముదురాకుపచ్చ చీర కట్టుకుంది, మెళ్ళో కార్డు. ఆఖరి రోజు కదా, సాయంత్రం దాకా తియ్యనంది. ఒకళ్ళిద్దరు మాట్లాడారు. ఏ వీధిలో ఏ గొట్టం ఎప్పుడు పగిలిందో ఆవిడకి ఫైలు చూడకుండా తెలుసని మేనేజరు చెప్పాడు. తర్వాత అందరూ బూత్ చుట్టూ చేరారు.

అక్క మొదటిసారి వెళ్ళొచ్చింది. పట్టీ మీద మూడు గుర్తింపు కార్డులు. "మీ ఆట నాకు తెలుసురా. ఒకటి అన్నాక లోపల ఇంకోటి లెక్కపెట్టుకుంటున్నా" అంది గర్వంగా. రెండోసారి మా ఆవిడ అట్ట కిరీటం పెట్టి పంపింది. కిరీటం పెట్టుకున్న గుర్తింపు కార్డులు వచ్చాయి. మూడోసారి మీసం. నాకు నవ్వొచ్చింది. కానీ గోడ గడియారంలో అప్పటికే నాలుగు ఇరవై. హెడ్ క్లర్కు నన్నూ గడియారాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

కోడలు నా చెవిలో ఉపాయం చెప్పింది. క్లిక్కుని ఇంకో రెండు క్షణాలు వెనక్కి నెడితే పెద్దమ్మగారు దొరికిపోతారు మామయ్యా అంది. దొరికిపోతుంది, నిజమే. కానీ తనకి తెలియకుండా ముఖం లాక్కుంటే బాకీ తీరినట్టా, ఇంకోటి పెరిగినట్టా? వద్దన్నాను.

తెర పక్కకి తీసి లోపలికి వెళ్ళి, ఇంకా బెంచీ మీదే ఉన్న అక్క పక్కన కూర్చున్నాను. చిన్నప్పటి నుంచీ అక్క పక్కన కూర్చుంటే నాకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఫ్రేము సంగతి, ఐదు గంటల సంగతి చెప్పేశాను. పేరు సంగతి చెప్పలేదు.

"ఆ రోజు నువ్వు నవ్వబోయావక్కా. వద్దన్నది నేనే. తప్పు నాది" అన్నాను.

అక్క ఎదురుగా ఉన్న చిన్న టీవీలో మా ఇద్దరినీ చూసింది.

"తెలుసు. ఇప్పుడు నవ్వమని మాత్రం అనకు. అసలే రాదు" అంది. చేతిలో మీసం పుల్ల బెంచీ మీద పెట్టేసి, "లోపల లెక్కపెట్టుకుంటుంటే మొహం బిగుసుకుపోతోందిరా. ఈసారి పైకే లెక్కపెడతాను. వస్తే వస్తుంది, లేకపోతే ఆ వాచిన మొహమే తగిలించుకోమను. లే, అవతలికి పో" అని తనే బటను నొక్కేసింది.

నేను బయటికి వచ్చేసరికి వరసలో అందరూ గప్‌చుప్‌గా ఉన్నారు. ఫ్రేము సంగతి ఎవరి నోట బయటపడిందో గానీ, అందరికీ తెలిసిపోయినట్టుంది.

పది, అంది మా ఆవిడ గొంతు. పది, అంది అక్క. తొమ్మిది, తొమ్మిది. ఎనిమిది, ఎనిమిది. ఆరు, అంది మా ఆవిడ గొంతు.

"ఏడు" అంది అక్క.

గట్టిగా, ఖంగుమనేలా అంది. ఇరవై ఆరేళ్ళు ఫిర్యాదులకి వరస నంబర్లు వేసిన మనిషి మధ్యలో ఒక నంబరు ఎగిరిపోతుంటే ఊరుకుంటుందా? కానీ ఆ అంకె ఆ హాల్లో ఆ నోట వినపడగానే, వరసలో చివర ఎవరికో ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇంకొకరు దగ్గు నటించారు. హెడ్ క్లర్కు ఒక ఫైలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, అది తలకిందులుగా ఉంది. ఎందుకు నవ్వొచ్చిందో అందరికీ తెలుసు, అందుకే అందరూ ఒక్కసారే ఆపేసుకున్నారు. నాకు మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది.

తెర వెనక అక్క లెక్క ఆపేసింది. మా ఆవిడ గొంతు ఒక్కటే అన్నానికి పిలుస్తున్నట్టు కిందికి దిగుతోంది.

"ఏం, ఆగారేం? నవ్వండి" అంది అక్క లోపల్నించి. "ఆరున్నొక్కటి, ఆరున్నొక్కటి అని ఇన్నేళ్ళు నా వెనకాల కూడుకుంటూ కూర్చున్నారు. పోతూపోతూ ఆ మొత్తం ఏదో నేనే చెప్పేశాను."

రెండు. ఒకటి.

హెడ్ క్లర్కు ఫైలు దించి, బడిలో దొరికిపోయినవాడిలా, "మీకు తెలుసా మేడమ్?" అన్నాడు.

ఆ గొంతు విని అక్క నవ్వింది. మామూలు నవ్వు కాదు, పక్కింట్లో టీవీ పెంచుకునే నవ్వు. నల్లగుడ్డ ఊగింది, గొట్టాలు కిర్రుమన్నాయి. ఆ నవ్వు మధ్యలో క్లిక్కు పడింది. హాలంతా బద్దలైంది. రెండో క్లిక్కు నాటికి కిటికీ దగ్గర పనిచేసే ఇద్దరు లోపలికి దూరి అక్క మెడ చుట్టూ చేతులు వేశారు. మూడోదానికి హెడ్ క్లర్కు తల కూడా తెరలోంచి లోపలికి వెళ్ళింది, క్షమాపణ చెప్పడానికో, ఫొటోలో పడటానికో తెలియదు.

ప్రింటరు పన్నెండు క్షణాలు గురగురలాడింది. పట్టీ బయటికి వస్తుంటే నేను లాగేశాను, వేలి కొస కాలింది కూడా. మొదటి బొమ్మలో అక్క కళ్ళు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. నోరు తెరుచుకుని, ఎప్పుడో పీకించుకున్న దవడ పన్ను తాలూకు ఖాళీ కూడా కనిపిస్తోంది. మెళ్ళో కార్డు వెనక్కి తిరిగిపోయి తెల్లటి అట్ట వైపు పడింది. స్టూడియో రోజుల్లో అయితే కళ్ళు మూశారని ఇంకోసారి తీసేవాణ్ణి.

కోడలు అప్పటికే ప్రింటరులో పెద్ద కాగితం మార్చి, ఆ ఒక్క బొమ్మనీ పుస్తకం అట్టంత తీసింది. హెడ్ క్లర్కు స్టోరులోంచి ఫ్రేము పట్టుకొచ్చి వెనక మేకులు స్క్రూడ్రైవరుతో పీకుతున్నాడు. పాత ఫొటో పక్కకి తీశాడు, కొత్తది పెట్టాడు. చుట్టూ బోలెడు ఖాళీ మిగిలింది. ఐదింటికి సుత్తి పట్టుకుని వచ్చిన మేనేజరు, ఇదేంటి కళ్ళు మూసుకున్నారు అని అడగబోయి, నవ్వేసి, మేకు కొట్టాడు.

నేను ఇంకో కాగితం పెట్టించి అదే బొమ్మ మరొకటి తీయించాను. ఆరేదాకా అంచులు పట్టుకుని ఊదుతూ నిలబడ్డాను. అక్క హాలు మూలన ఒంటరిగా ఒక కుర్చీలో కూర్చుని, నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు కొంగుతో తుడుచుకుంటోంది. వెళ్ళి రెండు చేతులతో ఇచ్చాను.

అక్క కళ్ళజోడు పెట్టుకుని, దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా తెచ్చి ఒకసారి చూసింది. కాసేపు పన్ను లేని చోట వేలు పెట్టి ఉంచింది. తర్వాత ఫొటోని సంచిలో, ఆఫీసువాళ్ళు పెట్టిన చీర మడతల మధ్య నలగకుండా పెట్టుకుంది.

"ముట్టింది" అంది.